మా సినిమాకు జైలు చూపించిన అన్నకు కృతజ్ఞతలు

సౌదీ జైలులో చిక్కుకున్న ఒక జగిత్యాల కూలీ కథతో మేము తీసిన చిన్న సినిమా మొదటి ప్రదర్శన నిన్న రాత్రి పూర్తయింది. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, అయినా ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయకపోతే రేపు బాకీల లెక్కల్లో పడిపోతానని కూర్చున్నాను. ఇల్లు తాకట్టు పెట్టనిచ్చిన నా భార్యకు, ఎప్పటిలాగే వెనక నిలిచిన అన్నయ్యకు నమస్కారాలు. వారితో విడిగా మాట్లాడుకుంటాను.

నేను ముఖ్యంగా చెప్పవలసింది ఆటో నడిపే ఒక అన్న గురించి. తన పేరు వేయవద్దన్నారు. కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) ‘హురూబ్’ పెట్టినందుకు, అంటే పని వదిలి పారిపోయాడని ఫిర్యాదు చేసినందుకు పట్టుబడి జైలుకు వెళ్లిన ఆయనను, ఏదో దొంగతనం చేసి వచ్చినవాడిగానే ఊళ్లో కొందరు నేటికీ చూస్తారు. పాత గోదాములో జైలు గది సెట్ వేస్తున్నామని ఎవరో చెప్పగా విని, ఆటో బయట ఆపి లోపలికి వచ్చి, చాలాసేపు గోడలు చూస్తూ నిలబడ్డారు. కిటికీలోంచి నీలి వెన్నెల పడేలా మా కెమెరామన్ ఎంతో శ్రమపడి లైట్లు అమర్చి ఉన్నాడు. "రాత్రి లైటు బంద్ చెయ్యరు సార్" అన్నారాయన. రేయింబవళ్లూ ట్యూబులైట్లు వెలుగుతుంటే పొద్దు ఎంతయిందో అజాన్‌ను బట్టే తెలిసేదట. ఆ తర్వాత ఆయనే నేల మీద పడుకుని, తువ్వాలు కళ్లకు చుట్టుకుని, పక్కవాడికి మోచేయి తగలకుండా ఒకే పక్కకు ఒదిగి ఎలా నిద్రపోయేవారో మా నటుడికి చేసి చూపించారు. వెన్నెల ఆ పూటే తీసేశాము.

ఇంటికి ఫోన్ చేసే సన్నివేశానికి నేను పేజీలకు పేజీలు ఏడుపు రాసి పెట్టుకున్నాను. ఆయన రిసీవర్ అందుకుని, "వానలు వడ్డయా? పత్తి ఎట్లున్నది? నాకు డ్యూటీ ఎక్కువున్నది, పైసలు వచ్చే నెల పంపుత" అని పెట్టేశారు. జైల్లో ఉన్నానని ఇంట్లో చెప్పనే లేదట. నేను బయటికి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చేదాకా షూటింగ్ ఆగిపోయింది.

మా పని సాగినన్ని రోజులూ కిరాయిలు వదులుకుని వచ్చిన మనిషి, కవరు ఇవ్వబోతే చేయి చాపలేదు. అడిగింది ఒక్కటే, మా కథానాయకుడు కఫీల్ కాళ్ల మీద పడే దృశ్యాన్ని తీసేయమని. "నేను మొక్కలే సార్, గీయన గూడ మొక్కద్దు." తీసేశాము.

పరాయి దేశంలో అరెస్టయినవాడు కోరితే ఆ సంగతి అతని దేశపు కాన్సులేట్‌కు ఆలస్యం లేకుండా తెలియజేయాలని 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణంలో ఉంది. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో, భాష తెలియని మనిషి లాకప్‌లో ఉన్నప్పుడు ఆ కోరిక ఎవరికి చెప్పుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ అన్న భార్యకు విషయం తెలిసింది ఏ అధికారి వల్లనో కాదు, ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివారు స్వదేశం చేరడానికి ఎంబసీ ఇచ్చే తాత్కాలిక పత్రం) మీద తిరిగివచ్చిన తోటి కూలీ నోట. ఇటువంటి కథను తెర మీదికి తెద్దామంటే, జనం వస్తారో రారో తేలకముందే డిజిటల్ ప్రొజెక్షన్ అద్దె ముందుగా కట్టమంటారు, కట్టాక ఉదయం ఆట ఒక్కటి విదిలిస్తారు. ఇది కృతజ్ఞతలు చెప్పే చోటు కనుక ఇంతటితో ఆపుతాను.

అన్నట్టు, అరబీ మాటల ఉచ్చారణ సరిదిద్దిన మౌల్వీ గారికి, కరెంటు బిల్లు అడగకుండా గోదాము తాళాలు ఇచ్చిన సేటుకు, ఖైదీలుగా కూర్చున్న కుర్రాళ్లకు (వారిలో కొందరు గల్ఫ్ వీసా కోసం ఎదురుచూస్తున్నవారే) కూడా ధన్యవాదాలు. వారందరికీ గుండ్లు గీసిన మంగలి అన్నకు ఇంకా డబ్బు ఇవ్వవలసి ఉంది, సోమవారం తప్పకుండా ఇస్తాను.