పెద్దల పొద్దుటి తిండిలో గుడాలుండాలి

సంపాదకులకు,

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో అరవై దాటినవారికి పొద్దున చాయ్, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం పచ్చిపులుసు అన్నం. రాత్రికి కాస్త పప్పు. మాంసకృత్తులు దాదాపుగా రాత్రి పూటకే పడుతున్నాయి. ముదిరిన ఒంటికి ఈ వరస సరిపడదు.

కొవ్వును దాచినట్టు మాంసకృత్తులను ఒళ్లు దాచుకోలేదు. ఆదివారం తిన్న కోడికూర బుధవారానికి అక్కరకు రాదు. కండ కట్టడానికి ఇరవై ఏళ్లవారికి పూటకు కిలో బరువుకు పావు గ్రాము మాంసకృత్తులు చాలు. డెబ్భై ఏళ్లకు సుమారు 0.4 గ్రాములు కావాలి. అంటే 50 కిలోల అవ్వకు పూటకు 20 గ్రాములు. రాత్రంతా కండ కరుగుతూనే ఉంటుంది. పొద్దున వట్టి చాయ్ తాగితే ఆ కరుగుడు మధ్యాహ్నం దాకా సాగుతుంది. తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా లాక్కునేది కండే. అది తగ్గినకొద్దీ షుగర్ అదుపు తప్పుతుంది, కాళ్లలో పట్టు పోతుంది, జారిపడితే తుంటి విరుగుతుంది.

ఆ 20 గ్రాములకు పౌడర్ డబ్బాలు అక్కర్లేదు. 60 గ్రాముల పిండితో చేసిన జొన్నరొట్టెలో 6, 40 గ్రాముల శనగలు నానబెట్టి ఉడికించిన గుడాల్లో 8, పాతిక గ్రాముల పల్లీల్లో 6. పళ్లు లేనివారికి గుడాలు మెత్తగా మెదిపి, పల్లీలు పొడి కొట్టి పెట్టాలి. కోడిగుడ్డు తినేవారికి ఒక్కోదానిలో 6 గ్రాములు. గరిటెడు పలుచని పప్పుచారు పోసుకుని పప్పు తిన్నామనుకుంటారు. అందులో ఉండేది రెండు మూడు గ్రాములే. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం డాక్టరును అడిగాకే పెంచాలి.

పిల్లలకు పూటల లెక్క ఇంత గట్టిగా పట్టక్కర్లేదు, ఖాళీ కడుపుతో బడికి పంపకూడదంతే. జిమ్ చేసే కుర్రవాళ్లకూ కసరత్తు అయిన అరగంటలోపే మాంసకృత్తుల పౌడర్ కలుపుకుని తాగాలన్న తొందర అవసరం లేదు.

2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం రేషన్ కార్డు మీద నెలకు మనిషికి 6 కిలోలు వస్తోంది. అదే కార్డు మీద నెలకు మనిషికి కిలో కందిపప్పు ఇస్తే రోజుకు 7 గ్రాముల మాంసకృత్తులు అదనంగా అందుతాయి. ప్రభుత్వం ఈ పని వెంటనే చేయాలి. పల్లె దవాఖానాల్లో బీపీ, షుగర్ చూసేటప్పుడు పెద్దలను "పొద్దుగాల ఏం తిన్నరు?" అని కూడా అడగాలి. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనాలి. 15 సెకన్లు దాటితే కండ బలం తగ్గిందని అనుమానించి, ఆ ఇంటివాళ్లకు పొద్దుటి తిండి గురించి అప్పుడే చెప్పాలి.

ఇట్లు,
పోషకాహార శాస్త్ర అధ్యాపకులు,
మహబూబ్‌నగర్