నువ్వు వదిలేసి వెళ్ళిన నవల

చిరంజీవి కిట్టుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. టేబులు మీద నువ్వు వదిలేసి వెళ్ళిన ఇంగ్లీషు నవల, 'ద చోజెన్', చదవడం పూర్తి చేశాను. ఫోనులో డిక్షనరీ తెరిచి పెట్టుకుని, నువ్వు పెన్సిలుతో గీతలు గీసిన చోటల్లా ఆగుతూ చదివాను. దాని గురించి రాద్దామనే కూర్చున్నాను, ఇంకేం లేదు. సుబ్బులు పిన్ని నీ ఉద్యోగం గురించి ఏదో అంది. దాని మాటలు నీకు తెలియనివా? నేనేమీ అడగడం లేదు.

కళ్ళజోడు మార్పించావా? నవలలో ఆ రూవెన్ కుర్రాడి కళ్ళజోడు పగిలి గాజుముక్క కంట్లోకి దిగిన చోట పుస్తకం మూసేసి నీకు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. ఆటలో బంతి తగిలి అంత ప్రమాదం జరగడమేమిటి, ఆ బంతి కొట్టిన డానీయే తర్వాత ప్రాణస్నేహితుడు కావడమేమిటి! ఇద్దరూ యూదులే. బ్రూక్లిన్‌లో ఐదు వీధుల ఎడంలోనే పెరిగారు. అయినా పదిహేనేళ్ళు వచ్చేదాకా ఒకడున్నాడని ఇంకొకడికి తెలియదు. రూవెన్ వాళ్ళు నిష్ఠగా ఉంటూనే లోకంతో కలిసిపోయేవాళ్ళు. డానీ వాళ్ళు హసీదులు, అంటే యూదుల్లోనే మరీ కట్టుబాట్లున్న శాఖవాళ్ళు. నల్ల కోట్లు, చెవుల పక్కన వేలాడే జుట్టు పాయలు, గురువు ఎంత చెబితే అంత. ఆ గురువు డానీ తండ్రే. తండ్రి తర్వాత కొడుకే ఆ పీఠం ఎక్కాలి. వీడికేమో మనస్తత్వశాస్త్రం మీద మనసు. లైబ్రరీలో దొంగచాటుగా చదివేవాడు, ఆ శాస్త్రంలో పెద్దవాడైన ఫ్రాయిడ్ రాతల కోసం జర్మన్ భాష కూడా సొంతంగా నేర్చుకున్నాడు. అంత తెలివైనవాడికి ఆ ఒక్క ముక్క తండ్రితో చెప్పడానికి నోరు రాలేదు. అక్కడ నీ పెన్సిలు గీత కాగితం చిరిగేంత గట్టిగా పడింది.

తండ్రి మాత్రం తక్కువ తిన్నాడా? యూదుల ధర్మశాస్త్ర గ్రంథం టాల్ముడ్ చదివించేటప్పుడు తప్ప కొడుకుతో మాట్లాడడు. ఎందుకో చివర్లో చెబుతాడు. నాలుగేళ్ళప్పుడు డానీ ఒక కథ చదివి, అందులో మనిషి పడ్డ కష్టాలు పట్టించుకోకుండా తన జ్ఞాపకశక్తికి తనే మురిసిపోయాడట. తెలివి తప్ప జాలి లేనివాడవుతాడని భయపడి, ఎదుటివాళ్ళ బాధ తెలియాలని ఆ మౌనమట. ఆయన్ని వాళ్ళ నాన్న పెంచిందీ అలాగేనట. రాసిన హైమ్ పోటోక్ తానూ యూదు మతగురువే కదా, 1967లో వచ్చిన ఈ నవలలో ఆ తండ్రిని రాక్షసుణ్ణి చేసి చేతులు దులుపుకోలేదు. అది నాకు నచ్చింది. మౌనం నచ్చలేదు. దాన్ని ప్రేమ అని ఎవరెంత వివరంగా చెప్పినా నేను ఒప్పుకోను.

మీ తాతయ్య గుర్తొచ్చారు. మీ నాన్న ఆ పెద్ద ఉద్యోగం కాదని బడిలో పాఠాలు చెప్పడానికి చేరినప్పుడు ఇంట్లో మాటలు బంద్ అయ్యాయి. నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజులు. మీ నాన్న బయటికి బయల్దేరుతుంటే తాతయ్య గోడ గడియారం వంక చూసి, "మబ్బు పట్టింది, గొడుగు తీసుకెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళొచ్చు" అనేవారు. మీ నాన్నా ఆ గడియారానికే, "గొడుగు చేతిలోనే ఉంది" అని జవాబు చెప్పి వెళ్ళేవారు. జీతం రోజున మరీ విచిత్రం. "అమ్మాయ్, జీతం అందిందేమో కనుక్కో" అని ఆయన, "అందిందని చెప్పు" అని ఈయన. ఇద్దరూ ఉన్నది ఒకే గదిలో! చేతిలో మడత పెట్టాల్సిన బట్టలతో గుమ్మంలో నేను. నాయనమ్మకి అలవాటైపోయి లోపల నవ్వుకునేది. ఒక రాత్రి ఫ్యూజు పోయింది. తాతయ్య స్టూలెక్కారు, అది ఊగింది. "ఒరేయ్, గట్టిగా పట్టుకోరా!" అని అరిచారు. "పట్టుకున్నా నాన్నా" అన్నారు మీ నాన్న. హమ్మయ్య, గొడవ తీరిందనుకున్నాను. దీపం వెలిగింది, తాతయ్య కిందికి దిగి చేతులు దులుపుకుంటూ గడియారం వంక చూసి, "రేపు కొత్త స్టూలు తెచ్చేవాళ్ళు తేవాలి" అన్నారు.

నవలలో గురువుగారూ ఆ బాపతే. యూదుల పాసోవర్ పండగనాడు కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాడికి చెప్పాల్సిందంతా రూవెన్‌కి చెబుతాడు. కొడుకు మనసులో ఏముందో ఆయనకి ఎప్పటినుంచో తెలుసు! నాకు ఒళ్ళు మండింది. ఇంకోటి గమనించావా, ఆ పుస్తకంలో అమ్మలకి నోరే లేదు. రూవెన్ తల్లి ఎప్పుడో పోయింది. డానీ తల్లికి ఎప్పుడూ నలతే, ఆవిడ మాటలన్నీ కలిపినా పట్టుమని ఒక పేజీ ఉండవు. అక్కడెక్కడా నువ్వు గీత గీయలేదు.

రాత్రిళ్ళు మేలుకోకు. నువ్వు మానేశావని నేననడం లేదు గానీ, ఉద్యోగం మానేసేవాళ్ళు ఎవరైనా ముందు రిలీవింగ్ లెటర్ చేతిలో పడేట్టు చూసుకోవాలి. ఆఫీసు ఇన్సూరెన్సు ఉద్యోగంతోనే పోతుంది, సొంతంగా ఒక పాలసీ తీసుకోవాలి. పీఎఫ్ డబ్బు ముట్టుకోకూడదు. కోపంలో ఎవరికీ మెయిళ్ళు పెట్టకూడదు. తర్వాత ఏం చేస్తారో ఇంట్లో ఒక మాట చెప్పాలి, అనుమతి కోసం కాదు, ఇంట్లోవాళ్ళు పిన్ని నోట వినకుండా ఉండడానికి. వద్దు వద్దనుకుంటూనే పాఠం మొదలెట్టాను, ఇక ఆపేస్తాను.

మొన్న మీ నాన్న, "వాడికి డబ్బుకేమైనా ఇబ్బందేమో కనుక్కో" అన్నారు. ఉద్యోగం చేసుకుంటున్నవాడికి ఇబ్బందేమిటండీ అన్నాను. పేపరు మడిచి లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ నిన్న అదే ప్రశ్న. నువ్వు ఫోన్ చేసినా "నాన్న ఎలా ఉన్నారు" అని నన్నే అడుగుతావు. ఆయన పక్క గదిలోనే ఉంటారు, మోకాలి నొప్పి తప్ప బాగానే ఉన్నారు.

నేను ఈ ఆదివారం పొద్దున్నే రాజత్త వాళ్ళింటికి వెళ్తున్నాను, సాయంత్రానికి గానీ రాను. నా ఫోను ఛార్జింగుకి పెట్టి మర్చిపోయి వెళ్తాను. పదింటికి చెయ్యి. మోగితే ఎత్తక తప్పదు ఆయనకి. డాక్టరు రాసిచ్చిన కళ్ళజోడు పవరు చీటీ నీ దగ్గర లేకపోతే చెప్పు, బీరువాలో ఉన్న పాతది ఫోటో తీసి పంపిస్తాను.

అమ్మ