మంత్రి గారూ, ఈసారి ట్రయల్స్‌కు బంతిని కూడా పిలవండి

గౌరవనీయులైన క్రీడాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నా ఐదో ఉత్తరం. మొదటి మూడూ మీ కార్యాలయంలో స్వయంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. నాలుగోది రిజిస్టర్ పోస్టులో పంపాను. అందినట్టు చీటీ వచ్చింది, జవాబు రాలేదు. ఐదోది నలుగురూ చదివేలా రాస్తే ఎవరో ఒకరు మీ చెవిన వేస్తారన్న ఆశతో ఇలా రాస్తున్నాను. తప్పయితే మన్నించండి.

అండర్-13 ఫుట్‌బాల్ ఎంపికల సంగతి. పథకం గురించి మీకు చెప్పనక్కర్లేదు, ప్రారంభించింది మీరే. ఆ రోజు వేదిక మీద మీరన్న మూడు మాటలు నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. పిల్లల్ని ఆడించి చూసి తీసుకుంటామన్నారు. రోజూ నేర్పే కోచ్‌ల మాట వింటామన్నారు. ఈసారి రానివాళ్లను ఆరు నెలల తర్వాత మళ్లీ చూస్తామన్నారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. గట్టిగానే కొట్టాను.

ఇక జరిగింది వినండి. పొద్దున్నే పిల్లల చొక్కాలకు నంబరు చీటీలు గుచ్చారు. ఎత్తు కొలిచారు, బరువు చూశారు. 30 మీటర్లు పరుగెత్తించారు. ఉన్నచోటే పైకి ఎగరమన్నారు. తర్వాత 12 నిమిషాల పరుగు. అది 1968లో కెన్నెత్ కూపర్ అనే అమెరికా వైమానిక దళ వైద్యుడు సైనికుల దమ్ము కొలవడానికి పెట్టిన పరీక్ష. ఫుట్‌బాల్లో ఎవరూ ఆగకుండా 12 నిమిషాలు ఒకే వేగంతో పరుగెత్తరు. పదిహేను మీటర్లు దూసుకెళ్లి, ఆగి, వెనక్కి తిరిగి, నడిచి, మళ్లీ దూసుకెళ్తారు. దానికి సరిపడే పరీక్షలు లేకపోలేదు. 20 మీటర్లు పోయి రావడం, పది సెకన్లు ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ ఇంకొంచెం వేగంగా పోయి రావడం అనే యో-యో పరీక్ష కోచ్‌లందరికీ తెలిసిందే. సరే, అది వదిలేద్దాం.

చివర్లో బంతి కనిపించింది. కింద పడకుండా కాలితో ఎన్నిసార్లు తంతారో లెక్కపెట్టారు. అదీ పెద్దవాళ్లు ఆడే 5వ నంబరు బంతి. 410 నుంచి 450 గ్రాముల బరువుండే బంతి అది. ఈ పిల్లలు రోజూ ఆడేది అంతకంటే చిన్నదైన 4వ నంబరుతో. 90 నిమిషాల ఆటలో ఒక ఆటగాడి కాలి దగ్గర బంతి ఉండేది మొత్తం కలిపి మహా అయితే రెండు మూడు నిమిషాలు. మిగతా సమయమంతా ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలాలి అన్నదే ఆట. దాన్ని కొలవడానికి ఆ రోజు ఎవరి దగ్గరా ఏమీ లేదు.

గోల్‌కీపర్ల ముచ్చట చెప్పకపోతే పాపం వాళ్లు నొచ్చుకుంటారు. వాళ్లనూ అందరితోపాటు పరుగెత్తించారు, అందరితోపాటు ఎగిరించారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్క గోల్‌కీపర్ చేతికి ఒక్క బంతి తగల్లేదు. అయినా ఇద్దరు ఎంపికయ్యారు. ఎలాగో మీ అధికారులు చెబితే నేర్చుకుంటాను. మా కోచ్‌లకు గోల్‌కీపర్‌ను పోల్చుకోవడానికి నెలలు పడుతోంది.

మధ్యలో ఒకచోట మాత్రం ఫుట్‌బాల్ జరిగింది. కోన్లు మార్చడానికి పావుగంట పట్టింది. ఆ సందులో ఏడెనిమిది మంది పిల్లలు పక్కన చెప్పులు గోల్‌పోస్టులుగా పెట్టుకుని ఆడటం మొదలుపెట్టారు. అందులో నా దగ్గర నేర్చుకునే కుర్రాడు ఒకడున్నాడు, చీటీ నంబరు 47. బంతి తన దగ్గరికి వస్తుండగా ఎడమ భుజం మీదుగా ఒకసారి, కుడి భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూశాడు. వీపు వెనక ఒకడు మీదికొస్తున్నాడని వాడికి అర్థమైంది. బంతిని ఆపలేదు. కాలు అడ్డం పెట్టి, వచ్చిన ఊపుతోనే పక్కకి వదిలేశాడు. మీదికొచ్చినవాడు గాలిని తన్ని దాటిపోయాడు. వీడు తిరిగి, ఎదుటి ఇద్దరి కాళ్ల మధ్య సందులోంచి పాస్ ఇచ్చాడు. గోలు కొట్టిన పిల్లాడికి బంతి ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా తెలీదు.

సరిగ్గా అప్పుడే సెలెక్టర్ గారు ఈల వేసి అరిచారు: "ట్రయల్స్‌కి వచ్చారా, ఆడుకోవడానికి వచ్చారా?"

మంత్రి గారూ, నేను నవ్వలేదు. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

బంతి అందకముందు తల తిప్పి చుట్టూ చూడటం అనే ఈ చిన్న పనిని ఏళ్ల తరబడి పరిశీలించినవాళ్లున్నారు. నార్వే పరిశోధకుడు గైర్ యోర్డెట్ ఆటగాళ్ల మీదే కెమెరా నిలిపి, బంతి అందడానికి ముందు పది సెకన్లలో ఎన్నిసార్లు చూపు తిప్పుతున్నారో లెక్కపెట్టారు. ఎక్కువగా చూసేవాళ్ల పాస్‌లే ఎక్కువగా చేరుతున్నాయని తేలింది. నా నోట్‌బుక్కులో 47వ నంబరు కుర్రాడి గురించి రెండేళ్ల రాతలున్నాయి. ఏ పాదం బలహీనమో, ఓడిపోతున్నప్పుడు ఎలా ఆడతాడో, తప్పు చేశాక తల వేలాడేసుకుంటాడో వెంటనే బంతి కోసం పరుగెత్తుతాడో, అన్నీ. ఆ నోట్‌బుక్కు సంచిలో పెట్టుకునే ట్రయల్స్‌కి వెళ్లాను. ఎవరూ అడగలేదు. నేనే ఇవ్వబోతే "కోచ్‌లు తాడు అవతల నిలబడాలి" అన్నారు. నిలబడ్డాను.

కుర్రాడు పోయింది 30 మీటర్ల పరుగులో. 5.3 సెకన్లు పట్టింది, గీత 5 దగ్గర గీశారు. ఎత్తు 141 సెంటీమీటర్లు, అక్కడా గీత దాటలేదు. వాడు పుట్టింది డిసెంబరు చివర్లో. మీ వయసు లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది. అంటే వాడితో పోటీపడ్డ జనవరి పిల్లలు వాడికంటే దాదాపు ఏడాది పెద్ద. పన్నెండేళ్ల వయసులో ఏడాదంటే మాటలా? మగపిల్లలు సగటున 14 ఏళ్ల దగ్గర ఒక్కసారిగా సాగుతారు, ఆడపిల్లలు 12 దగ్గర. ఒకే ఏడాది పుట్టినవాళ్లలో కూడా శరీరం ఎదుగుదలలో రెండు మూడేళ్ల తేడా ఉండటం మామూలే. ఎంపికైనవాళ్ల జాబితా తెప్పించుకుని, పేర్లు మూసేసి, పుట్టిన నెలలు మాత్రం చూడండి. నేను చూశాను. అది ప్రతిభావంతుల జాబితాలా లేదు, ఏడాది మొదట్లో పుట్టినవాళ్ల జాబితాలా ఉంది.

ఇదేమీ నేను కనిపెట్టిన వింత కాదు. బెల్జియంలో ఆలస్యంగా ఎదిగే పిల్లల కోసం జాతీయ సమాఖ్యే వేరే జట్లు నడిపింది. ఇంగ్లండ్ అకాడమీల్లో వయసు పక్కనపెట్టి, ఎదుగుదలను బట్టి జట్లు కట్టి ఆడించి చూశారు. మనవాళ్లు టేపు తీసుకుని కొలిచారు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు అన్న మాట కూడా ఆ టేపు పట్టుకున్నవాళ్లు విన్నట్టు లేదు.

ప్రారంభోత్సవంలో మీరు క్రొయేషియా ఆటగాడు మోద్రిచ్ పేరెత్తారు. సంతోషం. చిన్నప్పుడు ఆయన్ను బక్కగా, పొట్టిగా ఉన్నాడని హైదుక్ స్ప్లిట్ క్లబ్బు వద్దంది. 2018లో ప్రపంచకప్‌లో ఉత్తమ ఆటగాడు ఆయనే, ఆ ఏడాది ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ అవార్డు కూడా ఆయనదే. ఫ్రాన్స్ ఆటగాడు గ్రీజ్‌మన్‌ను చిన్నప్పుడు అక్కడి క్లబ్బు తర్వాత క్లబ్బు ఒళ్లు చాలదని పంపేస్తే స్పెయిన్‌లో రియల్ సొసియెదాద్ క్లబ్బు తీసుకుంది. వీళ్లిద్దరూ మన ట్రయల్స్‌కు వచ్చి ఉంటే తాడు అవతల నా పక్కన నిలబడేవాళ్లు.

మీ అధికారి ఒకరు ఫోన్‌లో ఒక మాట అన్నారు, న్యాయంగా అదీ చెప్పాలి. "సెకన్లు, సెంటీమీటర్లయితే సిఫార్సులకు చోటుండదు. కంటితో చూసి తీసుకుంటే ఎవరి మనిషినో తీసుకున్నారంటారు." కొట్టిపారేసే మాట కాదు. నేనూ చూశాను అలాంటి ఎంపికలు. కానీ ఆటతో కూడా అంకెలు వస్తాయండీ. నలుగురు నలుగురు చొప్పున జట్లు కట్టి నాలుగేసి నిమిషాలు ఆడించండి. ప్రతి ఆటకూ పిల్లల్ని కలిపేసి జట్లు కొత్తగా కట్టండి. గెలిచిన జట్టులో ఒక్కొక్కరికీ ఇన్ని పాయింట్లని వేయండి. పక్కన ఎవరున్నా గెలుస్తూ పోయే పిల్లాడు సాయంత్రానికి తనంతట తానే పైకి తేలతాడు. ముగ్గురు సెలెక్టర్లను మూడు మూలల్లో కూర్చోబెట్టి, ఒకరి మార్కులు ఒకరికి తెలియకుండా వేయించండి. ముగ్గురి లెక్కా కలిస్తే సిఫార్సు ఎక్కణ్నుంచి దూరుతుంది? పరుగు కొలవొద్దని నేననడం లేదు. కొలవండి, రాసుకోండి, ఆ ఒక్క అంకెతో గేటు మూసేయకండి.

ఆరు నెలలకి మళ్లీ చూస్తామన్న మాటకు ఇప్పుడు పదకొండో నెల నడుస్తోంది. ఆ తేదీ ఎప్పుడో చెప్పండి. కోచ్‌ల రాతలు చదివే మనిషిని ఒకర్ని పెట్టండి. గోల్‌కీపర్లకు బంతి తగిలించండి. పిల్లల్ని ఆడించండి. ఇదే నాలుగు ఉత్తరాల్లోనూ అడిగాను, ఐదోదాంట్లోనూ ఇదే అడుగుతున్నాను, పిల్లల్ని ఆడించండి.

47వ నంబరు కుర్రాడు ప్రాక్టీసుకు వస్తూనే ఉన్నాడు. నాలుగు సెంటీమీటర్లు పెరిగాడట, గోడ మీద గీతలు గీసి వాళ్లమ్మ చూపించింది. ఆ చీటీ ఇంకా వాడి సంచిలోనే ఉంది. "మళ్లీ పిలిచినప్పుడు అదే నంబరు ఇస్తారా సార్, కొత్తది ఇస్తారా?" అని మొన్న అడిగాడు. కనుక్కుని చెబుతానన్నాను. మీ కార్యాలయంలో ఎవరిని కనుక్కోవాలో దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
తాడు అవతల నిలబడ్డ ఒక కోచ్