ఒరిజినల్ అంటే కారిపోయిన బ్యాటరీతో సహానా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పాత కంప్యూటర్లు సేకరించేవాళ్ళ మీద మీరు వేసిన ఆర్టికల్ చదివా, బాగుంది కానీ స్క్రూ కూడా విప్పని మెషినే అసలైన మెషిన్ అన్న మాట మాత్రం నాకు ఎక్కలేదు. ఎందుకంటే ఆ మాట నమ్మే నేనూ దెబ్బ తిన్నా. కంపెనీ వేసిన సీల్ అలాగే ఉందని మురిసిపోయి ఒక మెషిన్ కొని, విప్పితే సీల్ పోతుందని రెండేళ్ళు బీరువాలో దాచుకున్నా, తీరా ఒకరోజు ఆన్ అవ్వకపోతే విప్పి చూద్దును కదా లోపల బ్యాటరీ కారిపోయి బోర్డు మీద రాగి గీతలన్నీ చిలుం పట్టి తెగిపోయి ఉన్నాయి.

1991లో వచ్చిన అమిగా 500 ప్లస్‌లో ఇలాంటి నికెల్ కాడ్మియం బ్యాటరీయే బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది. 1989 నాటి మాకింతోష్ ఎస్ఈ/30లో కెపాసిటర్లు (బోర్డు మీద కరెంటు దాచే చిన్న పార్టులు) కారతాయి. కమడోర్ 64 పాత పవర్ సప్లై ఇంకా ఘోరం, అది పాడైతే ఊరికే ఆగిపోదు, 5 వోల్టుల లైన్లో ఎక్కువ వోల్టేజ్ తోసేసి ర్యామ్ చిప్పులు కాల్చేస్తుంది. ఇవి మార్చినా ఒరిజినాలిటీ పోయిందంటే ఎలా అండి, చెద పట్టిన దూలాన్ని పాతదే కదా అని ఇంటికి ఉంచుకుంటామా?

అలాగని ఏదైనా చేసేయొచ్చు అనట్లేదు. హెచ్‌డీఎంఐ పోర్టు కోసం కేసుకి డ్రిల్లు వేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌లో ఆర్ఎఫ్ మాడ్యులేటర్ (టీవీ యాంటెన్నా సాకెట్‌కి సిగ్నల్ పంపే డబ్బా) దగ్గర వైర్లు విడదీసి, బొమ్మ ఇంకాస్త స్పష్టంగా ఉండే కాంపోజిట్ వీడియో తెచ్చుకుంటే రేపు ఎవరైనా మళ్ళీ సోల్డర్ పెట్టుకోవచ్చు, ఫ్లాపీ డ్రైవ్ బదులు గోటెక్ (పెన్‌డ్రైవ్‌నే ఫ్లాపీలా చదివించే పరికరం) పెట్టినా పాత డ్రైవ్ పక్కన ఉంటే చాలు, కన్నం మాత్రం మళ్ళీ పూడదు కదా.

పసుపెక్కిన కేసుకి హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టడం గురించి మాత్రం నాకే తేలలేదు. ఒకసారి చేశా, సమానంగా పూయక చారలు పడ్డాయి, తప్పు నాదే. బాగా వచ్చినవి కూడా కొన్నాళ్ళకి మళ్ళీ పసుపెక్కుతున్నాయి.

ఈసారి ఇలాంటి ఆర్టికల్ వేస్తే ఒక్క ముక్క కలపండి సార్. ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో చీటీ మీద రాసి, తీసిన పార్టులు కవర్లో వేసి మెషిన్‌తోపాటే ఇవ్వమని. కారిన బ్యాటరీ తప్ప, దాన్ని ఈ-వేస్ట్‌లో వేసేయమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు