పసుపు ఛాతీ పిట్టకు తొందరపడి పేరు రాయకండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఏటా వలంటీర్లు చేసే క్రిస్మస్ పక్షుల లెక్కింపు దగ్గరపడుతోంది. డాలస్ చుట్టుపక్కల ఉంటూ ఈసారి పిల్లల్ని తీసుకుని వెళ్లాలనుకుంటున్న మన తెలుగువాళ్ల కోసం మీ ఎన్నారై పేజీలో ఈ నాలుగు మాటలు వేయగలరు.

లెక్క ఎక్కువగా తప్పేది గడ్డినేలల్లో ఉండే మెడోలార్క్ పిట్టల దగ్గర. వీటిలో ఈస్టర్న్, వెస్టర్న్ అని చూడ్డానికి ఒకేలా ఉండే రెండు జాతులున్నాయి. పసుపు ఛాతీ, దాని మీద నల్లటి పట్టీ కనబడగానే ఈస్టర్న్ అనో వెస్టర్న్ అనో రాసేస్తారు. చలికాలంలో ఉత్తర టెక్సస్‌లో రెండూ ఉంటాయి. వెస్టర్న్‌కు గొంతు పసుపు చెంప దిగువకు కూడా పాకుతుంది, ఈస్టర్న్‌కు అక్కడ తెలుపు. ఎగిరేటప్పుడు ఈస్టర్న్ తోకలో తెలుపు ఎక్కువ కనిపిస్తుంది. పుస్తకంలో బొమ్మ చూస్తే ఇంత సులువా అనిపిస్తుంది. కానీ శీతాకాలపు ఈకల్లో ఈ గుర్తులు మసకబారతాయి. పైగా పడమటి టెక్సస్ వెళ్తే, 2022లో వేరే జాతిగా గుర్తించిన చివావన్ మెడోలార్క్ ఉంది. దాని తోకలో తెలుపు ఇంకా ఎక్కువ!

పాట వింటే తేలిపోతుంది కదా అంటారు. ఈస్టర్న్‌ది సాగదీసిన నాలుగైదు ఈలలు, వెస్టర్న్‌ది వేణువులా మొదలై గలగలా దొర్లే పాట. అయితే ఈ పక్షులు పాటను విని నేర్చుకుంటాయి. రెండు జాతులూ కలిసి ఉండే చోట ఒకటి రెండోదాని పాట అందుకోవచ్చు. 1950లలో విస్కాన్సిన్‌లో పక్షి శాస్త్రవేత్త వెస్లీ లాన్యన్ ఇది పరిశీలించి చూపించారు. పొట్టి కూత మాత్రం పుట్టుకతో వచ్చేది: ఈస్టర్న్ గరగరమంటూ ‘జర్ట్’ అంటుంది, వెస్టర్న్ మంద్రంగా ‘చప్’ అంటుంది. నమ్మితే దాన్నే నమ్మాలి. ఫోన్లోని యాప్ పాట విని పిట్ట పేరు చూపించిందని టిక్కు కొట్టేయడం నాకు నచ్చదు.

చాదస్తం అనుకోకండి. 1966 నుంచి ఈస్టర్న్ మెడోలార్కులు దాదాపు నాలుగింట మూడు వంతులు తగ్గాయని తెలిసింది వలంటీర్ల లెక్కల వల్లే. ఇక్కడ గడ్డినేలలు కాలనీలైపోతున్నాయి, వాటిలో మన ఇళ్లూ ఉన్నాయి. కనీసం లెక్కయినా సరిగ్గా రాద్దాం.

కూత వినబడకపోతే, చెంప స్పష్టంగా కనబడకపోతే ‘ఈస్టర్న్/వెస్టర్న్’ అని కలిపి రాయండి. చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో అలా రాసే వీలుంది. పిల్లలకూ అదే చెప్పండి. లెక్కింపు డిసెంబరు 14న మొదలవుతుంది, ఆ లోపే ప్రచురిస్తే ఉపయోగం.

– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్