అంటించిన ‘అందువల్ల’

సంపాదకులకు,

మీ విద్యార్థుల పేజీలో వ్యాసరచనకు పనికొచ్చే అనుసంధాన పదాల పట్టిక ఇచ్చారు: అయితే, అంతేకాక, అందువల్ల, కాబట్టి, మరోవైపు, ఇకపోతే. ఆ పదాలతో నాకు పేచీ లేదు. ప్రతి పేరానూ వాటిలో ఒకదానితో మొదలుపెట్టమన్న సలహాతోనే పేచీ. ఇలాంటి సలహాల ఫలితాన్ని నా దగ్గర చదువుకునే పదో తరగతి పిల్లల నోటుపుస్తకాల్లో రోజూ దిద్దుతున్నాను.

అనంతపురం కరవు మీద ఒక అమ్మాయి రాసింది: “మా జిల్లాలో వర్షాలు తక్కువ. అందువల్ల రైతులు వేరుశనగ వేస్తారు. అంతేకాక అప్పులపాలయ్యారు. కాబట్టి బోర్లు ఎండిపోయాయి.” విడివిడిగా చూస్తే ఏ వాక్యమూ అబద్ధం కాదు. కానీ బోరు ఎండితే అప్పు పెరుగుతుంది గానీ, అప్పు పెరిగితే బోరు ఎండుతుందా?

పుస్తకం మూసి, నోటితో చెప్పమన్నాను. సేద్యం చేసే ఇంటి పిల్ల, తడుముకోకుండా చెప్పింది: “వానలు తక్కువైనా వేరుశనగ కొంత తట్టుకుంటుందని ఎర్రనేలల్లో అదే వేస్తాం. అయితే ఊడలు దిగే సమయానికి నేలలో పదును లేకపోతే కాయ పట్టదు. ఆ ఒక్క తడి కోసం అప్పు చేసి బోరు వేయిస్తాం. చుట్టుపక్కల అందరూ వేయించేసరికి నీళ్లు ఇంకా లోతుకు పోతాయి. బోరు ఎండుతుంది, అప్పు మిగులుతుంది.”

ఇందులో మీ పట్టికలోని మాట ‘అయితే’ ఒక్కటే. అది ఉండాల్సిందే, అక్కడ విషయం ఎదురు తిరిగింది. మిగిలిన అతుకంతా ‘తక్కువైనా’, ‘లేకపోతే’, ‘చేసి’, ‘వేయించేసరికి’ అన్న రూపాలే చూసుకున్నాయి. తరగతిలో వీటికి అప్యర్థకం, చేదర్థకం, క్త్వార్థకం అని పేర్లు పెట్టి బట్టీ పట్టిస్తాం, వాక్యాన్ని ముగించని ఈ అసమాపక క్రియలు ఎక్కడున్నాయో గీత గీయమంటాం. వ్యాసంలో వాడుకోమని మాత్రం ఎవరూ చెప్పరు. పిల్లలేమో ప్రతి వాక్యాన్నీ చటుక్కున ముగించి, తర్వాతి వాక్యం నెత్తిన ఒక ‘అంతేకాక’ పెడతారు.

వచ్చేసారి పట్టికకు బదులు, వరుస చెడగొట్టిన పేరా ఒకటి అచ్చువేసి, ఏది దేనికి కారణమో తేల్చి తిరగరాయమని పిల్లలను అడగండి. తీసేసినా అర్థం చెడని అనుసంధాన పదాన్ని కొట్టేయమని కూడా చెప్పండి. ‘ఇకపోతే’ను మాత్రం సభల్లో మైకు వదలని వక్తలకు విడిచిపెట్టవచ్చు.

– ఒక తెలుగు ఉపాధ్యాయిని, అనంతపురం