పాత ఇంజన్ భాగం సరిపోలేదన్న తగువు నంబరుతోనే తేలాలి

సంపాదకులు గారికి,

ఆన్‌లైన్‌లో కొన్న సెకండ్‌హ్యాండ్ ఇంజన్ భాగం బండికి సరిపోకపోతే కొన్నవాళ్లు మోసం జరిగిందంటారు, అమ్మినవాళ్లు బిగించడం రాక మా మీద పడుతున్నారంటారు. చాలాసార్లు ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పరు. గొడవకు మూలం ప్రకటనలో రాసిన ‘ఫలానా మోడల్, ఫలానా సంవత్సరం బండికి సరిపోతుంది’ అన్న వాక్యం. మోడల్ పేరు, సంవత్సరం పట్టుకుని ఇంజన్ భాగం సరిపోతుందో లేదో ఎవరూ చెప్పలేరు. భాగం మీదున్న నంబరు చూసే చెప్పాలి. తగువు వచ్చాక తీర్పు కూడా దాన్ని బట్టే ఉండాలి.

సంవత్సరం ఎందుకు పనికిరాదంటే, జనం చెప్పేది రిజిస్ట్రేషన్ సంవత్సరం. బండి తయారైంది అంతకు ముందు ఏడాది కావచ్చు. పైగా కంపెనీలు ఏడాది మధ్యలోనే సెన్సర్లు, కప్లర్లు (తీగలను కలిపే ప్లగ్గులు) మారుస్తుంటాయి. 17 అక్షరాల చాసిస్ నంబరుతో కంపెనీ పార్ట్స్ కేటలాగ్‌లో చూస్తే ఆ బండికి వేసిన భాగం నంబరు దొరుకుతుంది. ఆ చాసిస్ నంబరులో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు. అక్కడ సున్నాను ‘ఓ’ అని చదివి పంపడం వల్ల కూడా పొరపాట్లు జరుగుతాయి. ఇంజన్ నంబరును కాగితాల్లో కాక ఇంజన్ బ్లాక్ (ఇంజన్ ప్రధాన దిమ్మ) మీదే చూసుకోవాలి. పాత యజమాని ఇంజన్ మార్చి ఉంటే చాసిస్ నంబరు చెప్పే భాగం ఆ ఇంజన్‌కు ఎక్కకపోవచ్చు. అందులో అమ్మినవాడి తప్పేమీ లేదు.

భాగం మీద సాధారణంగా రెండు రకాల నంబర్లు ఉంటాయి. పోత పోసేటప్పుడే ఉబ్బెత్తుగా వచ్చేది కాస్టింగ్ నంబరు. స్టిక్కర్ మీదో, పంచ్ కొట్టో, లేజర్‌తోనో వేసేది పార్ట్ నంబరు. కంటికి బాగా కనబడేది మొదటిదే కాబట్టి ప్రకటనల్లో తరచూ దాని ఫొటోయే పెడతారు. కానీ ఒకే పోతలోంచి వచ్చిన రెండు సిలిండర్ హెడ్లకు (ఇంజన్ బ్లాక్ పైన మూతలా ఉండే భాగాలకు) ఆ తర్వాత వేరువేరు సైజు వాల్వులు, వేరువేరు సెన్సర్ రంధ్రాలు వేసి ఉండొచ్చు. కాస్టింగ్ నంబరు కలిసినంత మాత్రాన భాగం కలిసినట్టు కాదు. పార్ట్ నంబరు చివరనుండే ఏ, బీ, సీ లాంటి అక్షరాన్ని కూడా వదిలేయకూడదు. చాలావరకు డిజైన్‌లో ఏదో మార్పు జరిగిందని ఆ అక్షరం చెబుతుంది. కొత్త నంబరు భాగాన్ని పాత బండికి వాడొచ్చని కంపెనీ చెప్పిందంటే, పాత భాగం కొత్త బండికి పనికొస్తుందని అర్థం కాదు. ఈ ఒక్క విషయం దగ్గర అనుభవం ఉన్న వ్యాపారులే పొరబడతారు.

సిలిండర్ హెడ్ సంగతే తీసుకోండి. పార్శిల్ విప్పగానే బిగించేయకూడదు. ఆ ఇంజన్‌కు తెచ్చిన కొత్త గ్యాస్కెట్‌ను (హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య వేసే పలుచని పొరను) హెడ్ మీద పరిచి బోల్టు రంధ్రాలు, ఆయిల్ దారి, నీళ్ల దారులు చూడాలి. నీళ్ల దారులు కొన్ని గ్యాస్కెట్‌లో కావాలనే చిన్నవి చేస్తారు, కొన్ని మూసే ఉంచుతారు. అందుకే అదే గ్యాస్కెట్‌ను పాత హెడ్ మీదా పరిచి రెండింటినీ పోల్చాలి. పాత హెడ్‌లో మూసుకున్న చోటే కొత్తదాంట్లోనూ మూసుకోవాలి. ఆపైన స్ట్రెయిట్ ఎడ్జ్‌ను (వంకరలేని ఉక్కు బద్దను) పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకూ పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) దూర్చి వంకర చూడాలి. చాలా మాన్యువళ్లలో దీని హద్దు 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఇంతకుముందు ఫేసింగ్ (హెడ్ అడుగును మెషీన్‌తో చదునుగా కోయడం) చేయించి ఉంటే మందం కూడా కొలవాలి. ఎక్కువ కోసిన హెడ్ వేస్తే పెట్రోలు ఇంజన్‌లో కంప్రెషన్ పెరిగి నాకింగ్ (ఇంజన్‌లో టకటకమనే కొట్టుడు) రావచ్చు, డీజిల్‌లో వాల్వు పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది. అయితే వంకర, మందం అనేవి భాగం స్థితికి సంబంధించినవి, సరిపోవడానికి సంబంధించినవి కావు. ఫిర్యాదులో రెండూ కలిపి రాస్తే రెండూ తేలవు.

అన్నిటికన్నా చిక్కైనది, బోల్టులన్నీ చక్కగా పట్టినా పనిచేయని భాగం. కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ అందే) ఇంజన్లలో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లలో చాలావాటి మీద ఒక కోడ్ ఉంటుంది. ప్రతి ఇంజెక్టర్ చిమ్మే పరిమాణంలో ఉండే చిన్న తేడాను ఆ కోడ్ ఈసీయూకు, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌కు, తెలియజేస్తుంది. దాన్ని స్కాన్ టూల్‌తో ఎక్కించకపోతే ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడవడం) కుదురుగా ఉండకపోవచ్చు, పొగ రావచ్చు. అది చూసి ఇంజెక్టర్ పాడైందని వెనక్కి పంపేస్తారు. ఇంజన్‌లోకి గాలిని నియంత్రించే ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బాడీకీ మార్చిన తర్వాత అడాప్టేషన్, అంటే ఈసీయూకు కొత్త భాగాన్ని అలవాటు చేయడం, చాలా బండ్లలో చేయాలి. పాత ఈసీయూ అయితే వేరే బండి తాళంతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఇమ్మొబిలైజర్ (దొంగతాళం గుర్తించే ఏర్పాటు) ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వకపోవచ్చు. క్రాంక్ షాఫ్ట్‌తో పాటు తిరుగుతూ సెన్సర్‌కు ఇంజన్ స్థానం చెప్పే పళ్ల చక్రం మరో ఉదాహరణ. ఒక రకంలో 60 పళ్ల స్థానాల్లో 2 ఖాళీ, ఇంకో రకంలో 36 స్థానాల్లో 1 ఖాళీ. ఈ తేడా ఉన్న షాఫ్ట్ వేస్తే ఈసీయూకు ఇంజన్ స్థానం అర్థం కాదు, స్టార్టర్ ఎంత తిప్పినా లాభముండదు. క్రాంక్ షాఫ్ట్ కొనేటప్పుడు జర్నల్ (బేరింగు కూర్చునే నున్నని భాగం) 0.25, 0.50 మిల్లీమీటర్లు గ్రైండింగ్ అయిందా అని కూడా అడగాలి, బేరింగులు ఆ సైజువే వేయాలి. ఆల్టర్నేటర్‌కు (బ్యాటరీని చార్జ్ చేసే భాగానికి) పుల్లీ మీద గాడులు 5 ఉన్నాయా 6 ఉన్నాయా, చార్జింగ్‌ను అదే చూసుకుంటుందా, ఈసీయూ చెప్పినట్టు నడుస్తుందా అన్నది కూడా చూడాలి.

తగువు మొదలైందంటే ముందు పని ఆపేయాలి. కప్లర్ తీగలు కోసి అతికించినా, మౌంటింగ్ చెవులు గ్రైండ్ చేసినా, లేత్ మీద పెట్టినా ఆ భాగాన్ని వెనక్కి తీసుకోమని అడిగే హక్కు దాదాపు పోయినట్టే. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, పక్కన స్కేలు ఉంచి ఫొటో తీయాలి. రంధ్రాల మధ్య దూరం వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పనిముట్టుతో) కొలిచి మిల్లీమీటర్లలో రాయాలి. ఫోన్‌లో కేకలు వేసుకోవడం మానేసి, అమ్మకం జరిగిన యాప్‌లోని మెసేజ్‌లోనే ‘ప్రకటనలో చివరి అక్షరం బీ, వచ్చిన భాగం మీద సీ’ అని సూటిగా రాయాలి. అమ్మేవాళ్లు కూడా పంపేముందు భాగం మీద పెయింట్ మార్కర్‌తో ఒక గుర్తు పెట్టి, నంబరుతో కలిపి ఫొటో తీసుకోవాలి. తమ దగ్గరున్న చెడిపోయినదాన్ని పెట్టి తిప్పి పంపేవాళ్లూ ఉన్నారు మరి.

ఖర్చు ఎవరిదన్న దానికి మా దృష్టిలో న్యాయం ఇది. ప్రకటనలోని నంబరు, భాగం మీది నంబరు వేరైతే పూర్తి డబ్బు, రానుపోను రవాణా ఖర్చు అమ్మినవాళ్లవే. నంబరు సరిగానే ఉండి కొన్నవాళ్ల ఇంజన్ వేరైతే భాగం డబ్బు తిరిగివ్వాలి, వెనక్కి పంపే ఖర్చు కొన్నవాళ్లు పెట్టుకోవాలి. నంబరే ఇవ్వకుండా ‘సరిపోతుంది’ అని మాత్రం రాస్తే ఆ మాటకు పూచీ రాసినవాళ్లదే. నంబరు కలిసి, కోడింగ్ చేశాక కూడా పనిచేయకపోతే ఇద్దరూ ఒప్పుకున్న మూడో చోట బెంచ్ టెస్ట్ (బండి నుంచి విప్పి విడిగా చేసే పరీక్ష) చేయించాలి. ఇంజెక్టర్లకు టెస్ట్ బెంచ్, హెడ్‌కు ప్రెషర్ టెస్ట్ ఉన్నాయి. పరీక్ష ఖర్చు ఓడినవాళ్లదని ముందే రాసుకోవాలి. గ్యాస్కెట్, ఆయిల్, కూలెంట్, ఒక్కసారే వాడాల్సిన సాగే రకం హెడ్ బోల్టులు, కూలీ – అసలు పేచీ అంతా వీటి దగ్గరే. బిగించకముందు చూసుకుంటే తెలిసే తేడాను బిగించాక చెబితే ఆ ఖర్చు అమ్మినవాళ్ల మీద వేయడం తగదు. బిగించి నడిపితే తప్ప తెలియని లోపమైతే అందులో వాటా వాళ్లు భరించాలి.

అమ్మకాల వేదికలు ఫిర్యాదు ఫారంలో ‘వర్ణనకు తగ్గట్టు లేదు’, ‘మనసు మార్చుకున్నాను’ అనే రెండు గడులే ఇస్తే ఇలాంటి కేసు ఎందులోనూ పట్టదు. మీ పత్రిక ద్వారా వాటిని మేం అడిగేది ఇదే: ఇంజన్ భాగాల ప్రకటనకు పార్ట్ నంబరు స్పష్టంగా కనబడే ఫొటో తప్పనిసరి చేయండి, కొనేవారి చాసిస్, ఇంజన్ నంబర్లు రాసుకునే చోటు ఆర్డర్‌లో పెట్టండి, ఫిర్యాదులో ‘బండికి పట్టింది, కానీ పనిచేయడం లేదు’ అనే గడి చేర్చండి. నంబరు చెరిగిపోయిన భాగాన్ని ‘నంబరు లేదు’ అన్న గుర్తుతోనే అమ్మనివ్వండి.

ఇట్లు,
ఇంజన్ రిపేరు పనిలో ఉన్న పాఠకులు